మొటిమలు కావు, ట్యూబ్ పని
రెండేళ్లుగా బుగ్గల మీది ఎరుపును మొటిమలే అనుకున్నాను. మందుల షాపులో ఓ ట్యూబ్ ఇచ్చారు. రాస్తే రెండు రోజుల్లో నున్నగా అయ్యేది, మానితే కారం పూసినట్టు మంట. స్కిన్ డాక్టరు ట్యూబ్ తిప్పి, సన్నక్షరాల్లో ఉన్న ‘బీటామెథసోన్’ మీద వేలు పెట్టారు. స్టెరాయిడ్! నాది మొటిమలు కాదు, రొసేసియా అనే ముఖం ఎర్రబడే చర్మ జబ్బట; దాన్ని రేపుతున్నది ఆ స్టెరాయిడేనట. మొటిమలైతే బ్లాక్‌హెడ్స్ కనబడతాయి, నాకు ఒక్కటీ లేదు.

ట్యూబ్ ఆపాక మూడు వారాలు ముఖం ఇంకా ఘోరం. మళ్లీ రాయబోతే అమ్మ దాచేసింది. రాత్రి మెట్రోనిడజోల్ జెల్, డాక్టరు రాసిచ్చిన డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్, పగలు జింక్ ఆక్సైడ్ ఉన్న సన్‌స్క్రీన్. స్క్రబ్, ఆవిరి పట్టడం బంద్. టీ చల్లారాకే. మూడో నెలకు మంట తగ్గింది. పొయ్యి దగ్గర ఎక్కువసేపు నిలబడితే మాత్రం ఇప్పటికీ బుగ్గలు కందిపోతాయి.