ఉద్యోగం వెతుకుతూ ఇంటి పని పెట్టుకుంటున్నారా? వానలు రాకముందే ఈ జాగ్రత్తలు

మే నెలాఖరులో విజయవాడలో నలుగురు స్నేహితులు టీ దగ్గర కలిస్తే ఈ మధ్య రెండే మాటలు. "కాల్స్ ఏమైనా వస్తున్నాయా?" అని ఒకడు, "ఏం లేవురా, ఖాళీగానే ఉన్నాగా, ఈలోపు డాబా పని చూసుకుందామనుకుంటున్నా" అని ఇంకొకడు. హైదరాబాద్‌లో ప్రాజెక్టు అయిపోయి ఇంటికొచ్చినవాళ్ళు, నోటీస్ పీరియడ్‌లో ఉన్నవాళ్ళు, డిగ్రీ అయ్యాక ఇంకా ఏదీ కుదరనివాళ్ళు అందరిదీ ఇదే వరస. కిందటేడు వానకు శ్లాబ్ ఉరిసిన మచ్చ పడుకున్నప్పుడల్లా కళ్ళ ముందే ఉంటుంది మరి.

ఆలోచన మంచిదే. మృగశిర కార్తె వచ్చాక డాబా మీద ఏ పనీ సాగదు. కాకపోతే జీతం రాని నెలల్లో చేతిలోంచి పోయే డబ్బుకూ, ఒంటికి తగిలే దెబ్బకూ వెనక ఆసరా ఉండదు. అందుకని నేను చెప్పేది ఇదీ: నీళ్ళకు సంబంధించిన పని ఇప్పుడు చేయండి. రంగులు, ఫాల్స్ సీలింగ్, కిచెన్‌లో కొత్త అరలు ఉద్యోగం వచ్చాక.

నిచ్చెన తెచ్చే ముందు బీమా కాగితాలు తియ్యండి. కంపెనీ ఇచ్చిన గ్రూప్ హెల్త్ ఇన్సూరెన్స్ సాధారణంగా ఉద్యోగంలో చివరి రోజుతోనే ఆగిపోతుంది. చాలామందికి ఆ సంగతి ఆసుపత్రి కౌంటర్ దగ్గరే తెలుస్తుంది. సొంతంగా పాలసీ తీసుకుంటే జబ్బులకు మొదటి 30 రోజులు వర్తించకపోయినా, ప్రమాదాలకు మొదటి రోజు నుంచే రక్షణ ఉంటుంది. ప్రధానమంత్రి సురక్షా బీమా యోజన అయితే ఏడాదికి 20 రూపాయలే. ప్రమాదంలో చనిపోతే 2 లక్షలు వస్తాయి. దాని ఏడాది జూన్ 1న మొదలై మే 31తో ముగుస్తుంది, డబ్బు ఖాతాలోంచి దానంతటదే కట్ అవుతుంది. జీతం ఆగిన శాలరీ అకౌంట్‌లో ఆ ఇరవై కూడా లేకపోతే పాలసీ రద్దయిపోతుంది. సరిగ్గా మీరు డాబా ఎక్కే రోజుల్లోనే! అన్నట్టు, కొన్ని నెలలు జీతం పడకపోతే బ్యాంకు ఆ ఖాతాను మామూలు సేవింగ్స్‌గా మార్చేస్తుంది, కొన్ని బ్యాంకులు మినిమం బ్యాలెన్స్ కూడా అడుగుతాయి. అదీ ఒకసారి కనుక్కోండి.

ఇక డాబా. ముందు వాటర్‌ప్రూఫ్ కోటింగ్ డబ్బా కొనకండి, నాలుగు బకెట్ల నీళ్ళు పోసి ఎటు పోతున్నాయో చూడండి. శ్లాబ్ ఉరవడానికి పగులే కారణమనుకుంటాం గానీ, చాలా ఇళ్ళలో డాబా నీళ్ళు దిగే పైపు మూతి దగ్గర ఆకులు, పాత సిమెంటు ముద్ద, పిల్లల బంతి అడ్డుపడి నీళ్ళు నిలవడమే అసలు గొడవ. అది తీస్తే సగం పని అయినట్టే. తర్వాత చూడాల్సింది పిట్టగోడ, శ్లాబ్ కలిసే మూల. పగుళ్ళను కొంచెం వెడల్పు చేసి, దుమ్ము దులిపి, క్రాక్ ఫిల్లర్ కూరి, ఆరాక కోటింగ్ వెయ్యాలి. ఆ మూలలో సిమెంటును గుండ్రంగా తిప్పించి, కోటింగ్‌ను గోడ మీదకు అర అడుగు దాకా ఎక్కించాలి. మూల దగ్గరే ఆపేస్తే నీళ్ళు అక్కడి నుంచే దిగుతాయి. మొదటి కోటు పూర్తిగా ఆరకుండా రెండోది వెయ్యొద్దు.

నాచు పోవడానికి బ్లీచింగ్ చల్లేవాళ్ళు దాంట్లో యాసిడ్ గానీ బాత్రూం క్లీనర్ గానీ ఎట్టి పరిస్థితుల్లో కలపకండి. వచ్చేది క్లోరిన్ వాయువు, ఊపిరితిత్తులకు పట్టేస్తుంది.

రోహిణి కార్తె ఎండకు రోళ్ళే పగులుతాయంటారు, మన తల ఎంత? ఉదయం తొమ్మిదిన్నర, పదికల్లా దిగిపోండి. కాలే శ్లాబ్ మీద కోటింగ్ కూడా సరిగ్గా పట్టదు. నిచ్చెన నాలుగు అడుగుల ఎత్తుకు ఒక అడుగు చొప్పున గోడ నుంచి దూరంగా ఉండాలి, కింద ఒకరు పట్టుకోవాలి. సిమెంటు రేకుల మీద మాత్రం మీరు ఎక్కొద్దు. పాత రేకు పైకి బాగానే కనిపిస్తుంది, కాలు పెట్టగానే విరుగుతుంది. శ్లాబ్ పెచ్చులు ఊడి తుప్పుపట్టిన ఊచలు కనిపిస్తుంటే లప్పం పెట్టి రంగు వెయ్యడం మోసం చేసుకోవడమే, ఇంజినీరుకు చూపించండి. గుణదల, మొగల్రాజపురం కొండవాలు ఇళ్ళవాళ్ళు వెనక గోడ కింద మట్టి తవ్వే పని సొంతంగా పెట్టుకోవద్దు. 2024 ఆగస్టు 31న మొగల్రాజపురంలో కొండచరియలు పడి ప్రాణాలే పోయాయి.

కరెంటు దగ్గర ఒక్క విషయం ఎవరూ చెప్పరు. మెయిన్ ఆపినా ఇన్వర్టర్ లైన్‌లో కరెంటు ఉంటుంది. ఫ్యాన్, లైటు విప్పే ముందు ఇన్వర్టర్ కూడా ఆపి, టెస్టర్ పెట్టి చూడండి. ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సరఫరా ఆపేసే స్విచ్) ఉంటే, కరెంటు ఉన్నప్పుడు దాని టెస్ట్ బటన్ నొక్కండి. టక్‌మని పడకపోతే వానల్లో అది ఉన్నా లేనట్టే. సందుల్లో డాబాల పక్కనే కరెంటు తీగలు పోతుంటాయి కదా, ఇనుప రాడ్డు, అల్యూమినియం నిచ్చెన అటు తిప్పొద్దు.

మేస్త్రికి మొత్తం అడ్వాన్స్ ఇవ్వకండి, అయిన పనికి అయినంత. సామాను మీరే తెచ్చుకోండి. సిమెంటు కావలసినంతే కొనండి, వానాకాలంలో మిగిలిన బస్తా గడ్డకడుతుంది. క్రెడిట్ కార్డు మీద ఇంటిపని అసలే వద్దు. ఆర్నెల్ల ఇంటి ఖర్చు పక్కన లేకపోతే పైపు శుభ్రం, పగుళ్ళ పూడ్పుతో ఆపెయ్యండి.

ఖాళీగా ఉన్నవాళ్ళ ఫోన్ నంబర్లు మోసగాళ్ళకు ఎలా తెలుస్తాయో గానీ తెలుస్తాయి. "సెలెక్ట్ అయ్యారు, ల్యాప్‌టాప్ డిపాజిట్ కట్టండి", "ట్రైనింగ్ ఫీజు కడితే ఆఫర్ లెటర్", "రివ్యూలు రాస్తే రోజుకు ఇంత" అని మొదలుపెడతారు. నిజమైన కంపెనీ ఉద్యోగం ఇస్తూ డబ్బు అడగదు. ఒరిజినల్ సర్టిఫికెట్లు ఏ కన్సల్టెన్సీకీ అప్పగించకండి. బ్యాక్‌డోర్ ఉద్యోగం, ఫేక్ ఎక్స్‌పీరియన్స్ సర్టిఫికెట్ మాట ఎత్తినవాడితో టీ కూడా తాగొద్దు, వెరిఫికేషన్‌లో దొరికితే ఆ మచ్చ ఏ కోటింగ్‌కీ పోదు. డబ్బు పోతే సిగ్గుపడి దాచుకోకుండా వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చెయ్యండి. ఎంత త్వరగా చేస్తే ఆ డబ్బును ఆపే అవకాశం అంత.

ఆన్‌లైన్ ఇంటర్వ్యూలకని ఒక గదిని పని పెట్టకుండా వదిలెయ్యండి. ఇసుక కాగితంతో గోడ రుద్దుతుంటే లేచే దుమ్ము ల్యాప్‌టాప్‌లోకి పోతుంది, డ్రిల్ మోత హెచ్‌ఆర్ చెవిలోకి పోతుంది. ఇంటర్వ్యూ ఉన్న రోజు మేస్త్రిని రావద్దని ముందు రాత్రే చెప్పండి.

సర్టిఫికెట్లు బీరువా కింది అరలో ఉంటే ఈరోజే పైకి మార్చండి. 2024 సెప్టెంబరు 1న బుడమేరు వాగు నీళ్ళు సింగ్‌నగర్, పాయకాపురం ఇళ్ళలోకి వచ్చినప్పుడు సామాను పైకి చేర్చే వ్యవధి చాలామందికి దొరకలేదు. టెన్త్ మెమో, డిగ్రీ, రిలీవింగ్ లెటర్, ఇంటి కాగితాలు జిప్ కవర్లో పెట్టి అటక మీదో పై అంతస్తులోనో ఉంచండి. స్కాన్ చేసిన కాపీలు మెయిల్‌లో, వీలైనవి డిజిలాకర్‌లో పెట్టుకోండి.

మధ్యలో ఆఫర్ వచ్చి బెంగళూరో హైదరాబాదో వెళ్ళాల్సి వస్తే, ఇంట్లో పెద్దవాళ్ళే మిగులుతారు. వాళ్ళను డాబా ఎక్కనివ్వకండి. డాబా తాళం చెవి ఒకటి పక్కింటి కుర్రాడికి ఇచ్చి, తొలి వాన పడగానే పైపు మూతి దగ్గర ఆకులు తియ్యమని చెప్పి వెళ్ళండి.