సహకారం నేర్పడానికి ఒక వెదురు నక్షత్రం

పిల్లలకు సహకారం అలవాటు చేయాలనుకున్నప్పుడు మనలో చాలామంది ముందుగా పనులు పంచుతాం. ఒకరికి గిన్నెలు, ఒకరికి చీపురు, ఇంకొకరికి మొక్కలు అప్పగిస్తే ఇల్లు శుభ్రపడుతుంది గాని, ఎవరి పని వారు ముగించుకుని పక్కవారి వైపు చూడకుండా వెళ్లిపోతారు. ఒంటరిగా చేయడానికి వీలుకాని పనిని ఎంచుకోవడం మేలు.

డిసెంబరులో ఇంటి ముందు కట్టే క్రిస్మస్ నక్షత్రం అలాంటి పని. బజారులో కొనడం తేలికే అయినా ఈ ఏడాది వెదురు బద్దలతో కట్టి చూడండి. సుమారు మూడడుగుల సమానమైన బద్దలు 10, ఆరంగుళాల ముక్కలు 5, పురికొస, రంగు కాగితం, మైదాతో ఉడికించిన జిగురు కావాలి. వెదురు పేళ్లు గుచ్చుకుంటాయి కనుక బద్దలను నునుపు చేసే పని పెద్దలదే. 5 బద్దలను ఒకదాని మీదుగా మరొకటి పోనిచ్చి, కొసలు కట్టి చుక్కగా చేయాలి. అలాంటివి రెండు తయారయ్యాక ఒకదానిపై ఒకటి ఉంచి ఐదు కొసలనూ జతగా బిగించాలి. అసలు కష్టం ఆ తరువాతే. లోపలి మూలల్లో పొట్టి ముక్కలను నిలబెట్టి నక్షత్రాన్ని ఉబ్బించేటప్పుడు ఒకరు బద్దలను ఎడంగా పట్టుకోవాలి, మరొకరు ముక్కను దూర్చాలి, మూడోవారు అది జారకముందే ముడి వేయాలి. మా ఇంట్లో మొదటిసారి ఆ ముక్క నాలుగుసార్లు ఎగిరిపడింది. ఐదోసారి మా చిన్నవాడే "నేను చెప్పేదాకా వదలొద్దు నాన్నా" అన్నాడు.

కాబట్టి ఇంటి పెద్ద ఆ పూటకు మేస్త్రీగిరీ మానుకుని, పట్టుకునే పనికే పరిమితం కావాలి. ఇది చెప్పినంత సులభం కాదు. రెండు బద్దలు అదనంగా తెచ్చిపెట్టుకుంటే, ఒకటి విరిగినప్పుడు తప్పెవరిదన్న విచారణ లేకుండా పని సాగుతుంది.

ఆ వారం కుటుంబ ప్రార్థనలో బైబిలులోని నెహెమ్యా గ్రంథం 3వ అధ్యాయం చదవండి. పేర్ల పట్టీలా కనిపించడం వల్ల దాన్ని దాటవేస్తుంటాం గాని, యెరూషలేము ప్రాకారాన్ని ఎవరి ఇంటికి ఎదురుగా ఉన్న భాగం వారు బాగుచేసుకున్న వైనం, షల్లూముతోపాటు అతని కుమార్తెలూ పనిచేసిన సంగతి అందులోనే ఉన్నాయి. పనికి ఒప్పుకోనిది ఎవరో వెతకమంటే పిల్లలు తెకోవీయుల, అంటే తెకోవ ఊరివారి, అధికారులను ఇట్టే పట్టేస్తారు. ఆ ప్రాకారం 52 దినాలలో పూర్తయిందని 6వ అధ్యాయంలో చూపించండి. చదవడం రాని పసివారుంటే 136వ కీర్తన అనువైనది: దాని 26 వచనాలలో ప్రతిదాని చివరా "ఆయన కృప నిరంతరముండును" అని వస్తుంది గనుక, పెద్దలు మొదటి భాగం చదివితే ఆ మాట వారు అందుకుంటారు.

పండుగ అరిసెలకూ ఇదే పద్ధతి: ఒకరు ఒత్తాలి, ఒకరు వేయించాలి, ఒకరు నూనె పిండాలి, పిల్లలను మాత్రం మూకుడుకు దూరంగా, ఒత్తే పీట దగ్గరే కూర్చోబెట్టండి.

కాగితం అంటించాక లోపల ఎల్‌ఈడీ బల్బు మాత్రమే పెట్టాలి, పాతకాలపు గుండు బల్బు వేడికి కాగితం మాడుతుంది. జనవరిలో నక్షత్రాన్ని దించి, కాగితం తీసేసి, చట్రాన్ని అటక మీద దాచండి. వచ్చే డిసెంబరులో సడలిన ముడులను వెతికి మళ్లీ బిగించే పని చిన్నవాళ్లకు వదిలేయవచ్చు.