ఆరుబయట మంచులో దాయాదుల పోరు: ఐస్ హాకీ మ్యాచ్‌ని ఎలా చూడాలి?

నేను డెట్రాయిట్ పక్కన కాంటన్‌లో ఉంటాను. మా బావ టొరంటో పక్కన మిసిసాగాలో ఉంటాడు. కారులో నాలుగు గంటల దారి, మధ్యలో బోర్డర్. నేను డెట్రాయిట్ జట్టు రెడ్ వింగ్స్ మనిషిని, తను టొరంటో జట్టు మేపుల్ లీఫ్స్ మనిషి. ఈ దేశాలకు వచ్చేదాకా మా ఇద్దరికీ హాకీ అంటే గడ్డి మీద ఆడేదే. 2014 జనవరి 1న ఆన్ ఆర్బర్‌లోని మిషిగన్ స్టేడియంలో ఈ రెండు జట్లూ ఆరుబయట, కురిసే మంచులో తలపడితే ఇద్దరం కలిసి వెళ్లాం. ఆ రోజు నేను చేయని పొరపాటు లేదు. ఆ తర్వాత ఇలాంటి మ్యాచ్‌లు చాలానే చూశాను, ఎక్కువగా టీవీలో. కొత్తగా చూడబోయేవాళ్లకు పనికొస్తుందని ఇది రాస్తున్నాను.

ముందుగా అసలు విషయం. ఐస్ హాకీని మామూలుగా కప్పు కింద, ఏసీ హాల్లో ఆడతారు. అమెరికా, కెనడా జట్లు ఆడే పెద్ద లీగ్ ఎన్‌హెచ్‌ఎల్ మాత్రం ఏడాదికి కొన్ని మ్యాచ్‌లు అమెరికన్ ఫుట్‌బాల్ లేదా బేస్‌బాల్ మైదానాల్లో పెడుతుంది. 2003 నవంబర్ 22న కెనడాలోని ఎడ్మంటన్‌లో మొదలైంది ఈ ముచ్చట. మైనస్ 18 డిగ్రీల చలిలో మాంట్రియల్ గోలీ (గోల్‌కీపర్) హోసే థియోడోర్ హెల్మెట్ మీద ఉన్ని టోపీ తగిలించుకుని ఆడాడు. మన మంకీ క్యాప్‌కి దగ్గరి చుట్టం అది. ఆ ఫొటో ఇప్పటికీ తిరుగుతూనే ఉంటుంది. 2008 జనవరి 1న బఫెలోలో మొదటి 'వింటర్ క్లాసిక్' జరిగింది. మంచు ధారగా పడుతుంటే 71,217 మంది చూస్తుండగా షూటౌట్‌లో (స్కోరు సమమైతే ఆటగాళ్లు ఒక్కొక్కరే వచ్చి గోలీతో ముఖాముఖి తలపడేది) సిడ్నీ క్రాస్బీ గోల్ కొట్టి పిట్స్‌బర్గ్‌ని గెలిపించాడు. అప్పటినుంచి కొత్త సంవత్సరం రోజుల్లో ఇదొక పండగ.

మొదటి పని: పాత పగలు తెలుసుకోండి

ఇది మానేసి మ్యాచ్ చూస్తే సగం రుచి పోతుంది. ఊళ్లో రెండు ఇళ్ల గొడవ తెలియకుండా పెళ్లికి వెళ్లి, ఎవరు ఎవరితో ఎందుకు మాట్లాడట్లేదో అర్థం కాక భోజనం చేసి వచ్చేసినట్టే.

డెట్రాయిట్, టొరంటో సంగతే తీసుకోండి. 1942 నుంచి 1967 దాకా లీగ్‌లో ఉన్నవి ఆరే జట్లు, అందులో ఇవి రెండు. ఆరే జట్లంటే ఒకరి మొహం ఒకరు సీజన్ మొత్తం చూసుకుంటూనే ఉండాలి. 1942లో, లీగ్ విజేతకిచ్చే స్టాన్లీ కప్ ఫైనల్లో డెట్రాయిట్ మొదటి మూడు మ్యాచ్‌లూ గెలిచేసింది. ఇంకొక్కటి గెలిస్తే కప్పు చేతికొచ్చేది. టొరంటో వరసగా నాలుగు గెలిచి కప్పు ఎగరేసుకుపోయింది. ఫైనల్లో 0-3 నుంచి లేచి గెలిచిన జట్టు ఇప్పటికీ అదొక్కటే. ఎనభై ఏళ్లు దాటినా మా బావ దాన్ని నిన్న జరిగినట్టే చెప్తాడు. 1942లో మా తాతకే మీసం రాలేదు, బావకు మాత్రం అది కళ్లారా చూసినట్టే.

1950లో డెట్రాయిట్ కుర్రాడు గోర్డీ హోవ్, టొరంటో కెప్టెన్ టెడ్ కెనడీతో జరిగిన పెనుగులాటలో ఐస్ చుట్టూ ఉండే బోర్డు గోడకి గుద్దుకుని, తలకు ఆపరేషన్ దాకా వెళ్లాడు. తప్పెవరిదన్న మాట మీద రెండు ఊళ్లూ ఏకీభవించలేదు. అయినా ఆ ఏడాది కప్పు డెట్రాయిట్‌దే. 1993 ప్లేఆఫ్స్‌లో ఏడో మ్యాచ్ ఓవర్‌టైమ్‌లో టొరంటో ఆటగాడు నికొలాయ్ బోర్షెవ్‌స్కీ గోల్‌తో డెట్రాయిట్ ఇంటికెళ్లింది. తర్వాత 1998లో టొరంటోను ఈస్టర్న్ కాన్ఫరెన్స్‌లోకి (లీగ్‌లోని తూర్పు సగంలోకి) మార్చడంతో ఎదురుపడటాలే తగ్గిపోయాయి. 2013లో డెట్రాయిట్ కూడా అటే వచ్చింది, ఇద్దరూ ఒకే డివిజన్‌లో పడ్డారు. ఆ సీజన్ మధ్యలోనే ఆ ఆరుబయట మ్యాచ్. చాన్నాళ్లు మాటల్లేని దాయాదులు ఒకే వాకిట్లో ఎదురుపడ్డట్టు అయింది.

మీరు చూడబోయేది ఏ జట్లయినా ఇలాంటి మూడు నాలుగు కథలు ఒక గంట కూర్చుని చదవండి, చాలు. గణాంకాలు అక్కర్లేదు. ఎవరి గాయం ఎవరు చేసిందో తెలియాలి.

రెండో పని: వాతావరణాన్ని మూడో జట్టుగా లెక్కేయండి

మ్యాచ్‌కి మూడు రోజుల ముందునుంచే ఉష్ణోగ్రత, గాలి, మబ్బు చూడటం మొదలుపెట్టండి. ఐస్ ఎలా తయారవుతుందో తెలిస్తే ఇది ఎందుకంటున్నానో అర్థమవుతుంది. మైదానం మీద అల్యూమినియం పలకలు పరుస్తారు. పెద్ద ట్రక్కులో ఉన్న కూలింగ్ ప్లాంట్ నుంచి చల్లటి గ్లైకాల్ ద్రవం ఆ పలకల గుండా తిరుగుతూ ఉంటుంది. పైన నీళ్లు పొరలు పొరలుగా చల్లుతూ రెండంగుళాల దాకా గడ్డ కట్టిస్తారు. అన్నిటికన్నా దీనికి శత్రువు చలి కాదు, ఎండ. ఎండ నేరుగా పడితే చలికాలంలోనైనా ఐస్ మెత్తబడుతుంది.

2021 ఫిబ్రవరిలో తాహో సరస్సు ఒడ్డున కొలరాడో, వేగస్ మ్యాచ్‌కి ఇదే జరిగింది. కొండలు, నీళ్లు, నీలాకాశం, పోస్టర్ వేసుకోదగ్గ దృశ్యం. ఆ నీలాకాశమే కొంప ముంచింది. మొదటి పీరియడ్‌కే (ఆట మొత్తం మూడు పీరియడ్లు) ఐస్‌లో గుంటలు పడి ఆటగాళ్లు తూలిపోతుంటే ఆపేశారు. ఎనిమిది గంటలకు పైగా ఆగి రాత్రి మళ్లీ మొదలుపెట్టారు. 2011లో పిట్స్‌బర్గ్‌లో వాన భయంతో మధ్యాహ్నం ఒంటిగంట మ్యాచ్‌ని రాత్రి ఎనిమిదికి జరిపారు. కాబట్టి ఆ రోజు ఇంకో పని పెట్టుకోకండి. రాత్రి విందుకి పిలుపొస్తే 'చూస్తాం' అని చెప్పి ఊరుకోండి.

2014లో మాకు ఎండ సమస్య లేదు. మైనస్ పది డిగ్రీల చలి, ఆగకుండా మంచు.

టీవీలో చూస్తే

నిజం చెప్పాలంటే ఆటగా చూడాలనుకుంటే టీవీయే మేలు. పక్ మూడంగుళాల వెడల్పు, ఒక అంగుళం మందం ఉండే రబ్బరు బిళ్ల. స్టేడియంలో పై వరసల నుంచి చూస్తే ఆవగింజంత.

ఇండియాలో చూసేవాళ్లు టైమ్ లెక్క వేసుకోండి: చలికాలంలో అమెరికా తూర్పు తీరానికి పదిన్నర గంటలు కలపాలి. అక్కడ మధ్యాహ్నం ఒంటిగంట అంటే మనకు రాత్రి పదకొండున్నర. కొత్త సంవత్సరం రోజు రాత్రి, అందునా ముందురోజు జాగారం చేసి ఉంటారు. మధ్యాహ్నమే ఒక కునుకు తీయండి. అమెరికాలో 2022 నుంచి వింటర్ క్లాసిక్ టీఎన్‌టీలో వస్తోంది. మీరుండే చోట ఎందులో వస్తుందో వారం ముందే చూసి పెట్టుకోండి. పక్ పడ్డాక పాస్‌వర్డ్ వెతుక్కోవడం మొదలుపెడితే మొదటి గోల్ పోయినట్టే.

కొత్తవాళ్లకు పెద్ద టెన్షన్, పక్ కనిపించకపోవడం. దాని వెంట పడకండి. ఆటగాళ్ల భుజాలు ఎటు తిరిగాయో, గోలీ ఎటు జరిగాడో చూడండి. పక్ అక్కడే ఉంటుంది. రూల్స్ రెండు చాలు. దాడి చేసేవాళ్లు పక్ కన్నా ముందు నీలం గీత దాటితే ఆఫ్‌సైడ్. తప్పు చేసినవాణ్ణి సాధారణంగా రెండు నిమిషాలు పక్కన కూర్చోబెడతారు, అప్పుడు గోలీలు కాక వాళ్లు నలుగురు, అవతల ఐదుగురు. గోల్ పడే అవకాశం అప్పుడెక్కువ కాబట్టి టీ పెట్టడానికి ఆ రెండు నిమిషాల్లో లేవకండి.

ఇక ప్రసారాల సంగతి. ఆరుబయట మ్యాచ్‌లో కవరేజీ మ్యాచ్ కన్నా చాలా ముందే మొదలవుతుంది, అందులోనే సగం సరదా. ముందురోజు ఆటగాళ్లు పిల్లాపాపలతో ఐస్ మీద తిరిగే వీడియోలు, ఆ రోజుకోసం కుట్టించిన పాతకాలం డిజైన్ జెర్సీలు, స్టేడియంలోకి ఏదో వేషం వేసుకుని నడిచొచ్చే జట్లు. 2010లో హెచ్‌బీఓ వాళ్లు పిట్స్‌బర్గ్, వాషింగ్టన్ జట్ల డ్రెస్సింగ్ రూముల్లోకి కెమెరాలతో వెళ్లి వారాలపాటు '24/7' సిరీస్ తీశారు. అదే సమయంలో వాషింగ్టన్ వరసగా ఎనిమిది మ్యాచ్‌లు ఓడింది. కోచ్ బ్రూస్ బూడ్రో తిట్ల దండకం మొత్తం రికార్డయింది. చివరికి ఆరుబయట మ్యాచ్ గెలిచింది మాత్రం వాళ్లే, 3-1తో. 2013లో డెట్రాయిట్, టొరంటోల మీద కూడా తీశారు. దొరికితే తప్పకుండా చూడండి. అత్తగారు పక్కన ఉండగా మాత్రం వద్దు.

ఇంకొక్క మాట. ఆన్‌లైన్‌లో చూసేటప్పుడు బొమ్మ కొంచెం వెనక నడుస్తుంది. ఫోన్ పక్కన పెట్టండి, వాట్సాప్ గ్రూపులు మ్యూట్ చేయండి. కేబుల్‌లో చూసే బావలు 'గోల్‌ల్‌ల్' అని ముందే పెట్టేస్తారు.

స్టేడియానికి వెళ్తే

సీటు కొనేటప్పుడే చాలామంది మోసపోతారు. నేనూ మోసపోయాను. ముందు వరస అంటే ఖరీదైనది, మంచిది అనుకుంటాం. ఇక్కడ లెక్క తలకిందులు. ఫుట్‌బాల్ మైదానం వెడల్పు 160 అడుగులు, మధ్యలో పరిచే రింక్ వెడల్పు 85. అంటే ముందు వరస వాళ్లకు రింక్ దూరం, పైగా వాళ్లు కిందుగా ఉంటారు, ఎదురుగా బోర్డు, దాని మీద అద్దం. ఆటగాళ్ల హెల్మెట్లు అటూ ఇటూ తేలుతూ పోవడం తప్ప ఏమీ కనిపించదు. మధ్య గీతకు ఎదురుగా, వీలైనంత పైన కొనండి.

చలి కింద నుంచి వస్తుంది. ఇది అనుభవం మీద తప్ప తెలియదు. నేను రెండు స్వెట్టర్లు, పైన పెద్ద జాకెట్ వేసుకుని మహారాజులా వెళ్లాను. కాళ్లకు మాత్రం మామూలు కాటన్ సాక్సు. రెండో పీరియడ్‌కి పాదాలు ఉన్నాయో లేవో తెలియలేదు. బావ తన సంచిలోంచి మడతపెట్టిన అట్టముక్క తీశాడు, పార్సిల్ డబ్బాది. 'కాంక్రీటు మీద పాదం పెట్టకు బామ్మర్దీ, దీని మీద పెట్టు' అన్నాడు. పది నిమిషాల్లో ప్రాణం లేచొచ్చింది. శత్రువు ఇచ్చిన అట్ట మీద కాళ్లు పెట్టుకుని మా జట్టుకు జై కొట్టాల్సి వచ్చింది.

కాబట్టి ఉన్ని సాక్సు, అట్టముక్క, వేళ్లకు వేడి పుట్టించే చిన్న ప్యాకెట్లు. జెర్సీ ఒక సైజు పెద్దది కొంటే జాకెట్ పైన వేసుకోవచ్చు, లేకపోతే ఎవరి మనిషో ఎవరికీ తెలియదు. ఫోన్ లోపలి జేబులో, ఒంటికి ఆనుకుని ఉండాలి. చలికి బ్యాటరీ చూస్తుండగానే పడిపోతుంది, టికెట్ కూడా అందులోనే ఉంటుంది కదా. చాలా స్టేడియంల్లో బయటి తిండి, పెద్ద సంచులు రానివ్వరు. పులిహోర పార్కింగ్‌లోనే కారులో కూర్చుని కానిచ్చేయండి.

మ్యాచ్ మధ్యలో ఏం చూడాలి

గొప్ప ఆట ఆశించకండి. మంచు పేరుకున్న ఐస్ మీద పక్ ఇసుకలో సైకిల్లా ఈడుస్తుంది. పొడుగు పాసులు చేరవు, నైపుణ్యం ఉన్నవాళ్లకే చిరాకు. దీన్ని లోపం అనేవాళ్లున్నారు. నాకైతే చూడాల్సింది అదే. కోట్లు తీసుకునే ఆటగాళ్లు చెరువు మీద ఆడుకునే పిల్లల స్థాయికి దిగిరావడం మామూలు మ్యాచ్‌లో దొరకదు.

విరామం ఇచ్చినప్పుడల్లా పారలు పట్టుకుని పరుగెత్తుకొచ్చే సిబ్బందిని చూడండి. ఆ రోజు మా ఊరి జనం వాళ్లకి కొట్టినన్ని చప్పట్లు కొన్ని గోల్స్‌కి కూడా కొట్టలేదు. కొన్ని మ్యాచ్‌ల్లో మూడో పీరియడ్‌లో పది నిమిషాలు గడిచాక జట్లు వైపులు మారతాయి, గాలి ఒకరికే కలిసిరాకూడదని. ఆ మార్పు ముందు, తర్వాత ఎవరు ఎలా ఆడుతున్నారో గమనించండి.

మా మ్యాచ్‌లో ముందు డెట్రాయిట్‌కి ఆల్‌ఫ్రెడ్‌సన్ కొట్టాడు. రెండో పీరియడ్ చివర్లో టొరంటో ఆటగాడు వాన్ రీమ్స్‌డైక్ గాల్లో ఉన్న పక్‌ని బ్యాటుతో కొట్టినట్టు కొట్టి సమం చేశాడు. తర్వాత బోజాక్ టొరంటోని ముందుకు తీసుకెళ్తే మావాడు అబ్‌డెల్‌కేడర్ 2-2 చేశాడు. ఓవర్‌టైమ్‌లో తేలలేదు. షూటౌట్‌లో మళ్లీ బోజాకే. ప్రకటించిన ప్రేక్షకుల సంఖ్య 1,05,491. ఎర్రరంగు సగం, నీలిరంగు సగం. ఆ నీలం సగమంతా ఒక్కసారి లేచింది. బావ కూడా లేచాడు గానీ అరవలేకపోయాడు, మూతి బిగుసుకుపోయి.

మర్నాడు

రెండు ఊళ్ల పేపర్లూ చదవండి. మాకు డెట్రాయిట్ ఫ్రీ ప్రెస్, వాళ్లకు టొరంటో స్టార్. ఒకే గోల్ ఒక చోట అదృష్టం, ఇంకో చోట పనితనం. ముఖ్యాంశాల వీడియో కూడా రెండు దేశాల వ్యాఖ్యానాలతో విడివిడిగా చూడండి, గొంతులో తేడా అక్కడే దొరుకుతుంది.

మా బావ అయితే ఆ జనవరి 2న టొరంటో పేపర్ మొదటి పేజీ ఫొటో తీసి పంపాడు. ఇప్పటికీ ప్రతి కొత్త సంవత్సరానికీ శుభాకాంక్షల బదులు అదే ఫొటో వస్తుంది. నేను తిరిగి అట్టముక్క ఫొటో పంపుతాను. అది ఇంకా నా కారు డిక్కీలోనే ఉంది.