పాత ప్రొఫెషనల్ డీఎస్‌ఎల్‌ఆరా, జేబులో పట్టే సూపర్‌జూమా? ఇలా తేల్చుకోండి

ముందు మెగాపిక్సెల్ లెక్క పక్కన పెట్టండి. 2008లో వచ్చిన డీఎస్‌ఎల్‌ఆర్ (లెన్స్ మార్చుకునే పెద్ద కెమెరా) నికాన్ డీ700కి 12, 2018 నాటి సూపర్‌జూమ్ (చాలా దూరం లాగే చిన్న కెమెరా) కానన్ ఎస్‌ఎక్స్740కి 20, కానీ అసలు తేడా సెన్సర్‌లో, అంటే వెలుగుని పట్టే చిప్‌లో ఉంది, డీ700 సెన్సర్ వైశాల్యం దాదాపు 30 రెట్లు పెద్దది.

రెండూ చేతికొస్తే సాయంత్రం లైటు వేసిన గదిలో పరీక్షించండి. కెమెరాని బల్ల మీద పెట్టి, ఫ్రేమ్ ఒకేలా ఉండేలా జూమ్ సరిచేసి, రెండింట్లోనూ ఐఎస్‌ఓ (వెలుగుకి కెమెరా స్పందించే స్థాయి) 1600 పెట్టి ఒకరి ముఖం తీయండి. తర్వాత రెండు ఫొటోలనీ ఒకే సైజుకి తెచ్చి జుట్టు దగ్గర చూడండి, చిన్న కెమెరాలో వెంట్రుకలు కలిసిపోయి రంగు పూసినట్టు కనిపిస్తాయి. పరిగెత్తే పిల్లాడిని తీసినా అంతే, డీఎస్‌ఎల్‌ఆర్ ఫోకస్ టక్కున పట్టేస్తుంది.

ఇప్పుడు పగటి వెలుగులో బయటికెళ్లి దూరంగా కొమ్మ మీదున్న పిట్టని తీయండి. ఎస్‌ఎక్స్740 జూమ్ 40 రెట్లు, అంటే డీ700 లాంటి కెమెరా లెన్సుల లెక్కలో 24 నుంచి 960 ఎంఎం దాకా, బరువేమో 300 గ్రాములే! డీ700 బాడీ ఒక్కటే కిలో, అంత దూరం లాగే లెన్స్ కొనాలంటే జేబుకీ భుజానికీ చిల్లే. పైగా డీ700లో వీడియో లేదు. చిన్నదాంట్లో రా ఫైల్ (కెమెరా మెరుగులు దిద్దని ముడి ఫొటో ఫైల్) రాదు, అది నాకైతే పెద్ద లోటే.

పాతది కొనేటప్పుడు షట్టర్ కౌంట్ (ఇప్పటిదాకా షట్టర్ ఎన్నిసార్లు పడిందో ఆ లెక్క) అడగడం మర్చిపోవద్దు.