కారు ఈడీఆర్ నుంచి ప్రమాద డేటా ఎలా తీయాలి?

ప్రమాదానికి గురైన కారు యార్డుకు చేరగానే ఎవరో ఒకరు ఇగ్నిషన్ వేసి స్టార్టవుతుందేమో చూస్తారు. ఈడీఆర్, అంటే ఢీకొన్నప్పటి వేగం, బ్రేక్ లాంటివి నమోదు చేసే రికార్డర్‌లోని డేటా అలాంటి చోటే దెబ్బతినొచ్చు. అమెరికాలో కారు నడిపే తెలుగువాళ్లు ఢీకొన్న మొదటి వారంలో ఏం చేయాలో, ఏం చేయకూడదో తెలుసుకుంటే చాలు, మిగతా పని టెక్నీషియన్ చూసుకుంటాడు.

ఈడీఆర్ పూర్తి పేరు ఈవెంట్ డేటా రికార్డర్. ఇది విడిగా ఉండే పెట్టె కాదు. చాలా కార్లలో ఎయిర్‌బ్యాగ్ మాడ్యూల్ మెమరీలోనే ఒక భాగం. మాటలు రికార్డు చేయదు. అమెరికా నిబంధన పార్ట్ 563 తప్పనిసరి చేసిన అంశాల్లో తేదీ, సమయం, జీపీఎస్ స్థానం లేవు. ఆ నిబంధన 2012 సెప్టెంబరు 1 నుంచి తయారైన, ఈడీఆర్ ఉన్న తేలికపాటి వాహనాలకు వర్తిస్తుంది. ఢీకొనే ముందు 5 సెకన్ల పాటు వేగం, బ్రేక్, థ్రాటిల్ అరసెకనుకోసారి నమోదవుతాయి. ఢీకొన్నాక వేగంలో వచ్చిన మార్పు, అంటే డెల్టా-వి, 10 మిల్లీసెకన్లకోసారి 250 మిల్లీసెకన్ల దాకా నమోదవుతుంది. 2024 డిసెంబరు సవరణ ఆ 5 సెకన్లను 20కి, సెకనుకు 2 నమూనాలను 10కి పెంచింది. కానీ అది ముందుముందు తయారయ్యే కార్ల సంగతి.

ముందు కారును కాపాడండి

ఎయిర్‌బ్యాగ్ తెరుచుకున్న రికార్డు మెమరీలో తాళం పడిపోతుంది, దానిమీద మరొకటి రాయబడదు. ఎయిర్‌బ్యాగ్ తెరుచుకోని రికార్డుకు ఆ రక్షణ లేదు. మళ్లీ ఒక దెబ్బ తగిలితే అది చెరిగిపోవచ్చు. కొన్ని పాత జీఎం (జనరల్ మోటార్స్) మాడ్యూళ్లలోనైతే సుమారు 250 సార్లు ఇగ్నిషన్ వేశాక దానంతటదే పోతుంది. అందుకే కారు నడపొద్దు, ఇగ్నిషన్ వేయొద్దు, స్మార్ట్ కీని కారుకు దూరంగా ఉంచండి. మీరు దగ్గర లేకపోతే యార్డువాళ్లకు రాతపూర్వకంగా చెప్పండి. 12 వోల్టుల బ్యాటరీ నెగెటివ్ తీగ విప్పించడం మంచిది. కరెంటు పోయినా మెమరీ చెరగదు. విప్పే ముందు ఓడోమీటరు, హెచ్చరిక దీపాలు, సీట్ల స్థానం, బెల్టులు, టైర్ల సైజు ఫొటోలు తీసుకోండి.

ఇక కాగితాల విషయం. 2015 డ్రైవర్ ప్రైవసీ చట్టం ప్రకారం డేటా కారు యజమానిది, లీజు కారైతే లీజుదారుది. కోర్టు ఉత్తర్వు, యజమాని రాతపూర్వక సమ్మతి లాంటి కొన్ని సందర్భాల్లో తప్ప ఇతరులు దాన్ని తీయకూడదు. ఇక్కడ చాలామంది పొరపాటు పడతారు. కారు టోటల్ లాస్ అయిందని బీమా డబ్బు తీసుకుని టైటిల్‌పై (యాజమాన్య పత్రంపై) సంతకం పెట్టేస్తే, కారుతో పాటు డేటామీది హక్కు కూడా కంపెనీకి వెళ్తుంది. వారాల్లోనే అది సాల్వేజ్ వేలానికి పోవచ్చు. తప్పెవరిదో తేలని కేసైతే సంతకానికి ముందే డేటా తీయించండి, లేదా కారును భద్రపరచమని బీమా కంపెనీకి ఉత్తరం రాయండి. ఎదుటి కారు డేటా కావాలంటే అలాంటి ఉత్తరమే అవతలి కంపెనీకీ పంపించాలి.

ఏ పరికరంతో?

ఎక్కువ కంపెనీల కార్లకు బాష్ కంపెనీ సీడీఆర్ (క్రాష్ డేటా రిట్రీవల్) కిట్ పనిచేస్తుంది. లోపలి కంప్యూటర్ల మధ్య కొత్త రకం నెట్‌వర్కులున్న వాహనాలకు సీడీఆర్ 900 అనే ఇంటర్‌ఫేస్ అవసరం. హ్యుందాయ్, కియా మోడళ్లలో చాలావాటికి వేరే సాధనం వాడతారు. టెస్లాకు సొంత కిట్ ఉంది. మామూలు వర్క్‌షాపు స్కానర్ తప్పుల కోడ్లు చదువుతుందే గానీ ఈ డేటా ఇవ్వదు. కిట్, కేబుళ్లు, ఏటేటా కట్టే సాఫ్ట్‌వేర్ చందా కలిపితే వేల డాలర్లవుతుంది కాబట్టి ఒక్క కారు కోసం కొనుక్కోవడం అనవసరం. శిక్షణ పొందిన ప్రమాద పునర్నిర్మాణ నిపుణుడికి 17 అక్షరాల విన్ (కారు గుర్తింపు) నంబరు ముందే పంపితే, కిట్ చదవగల కార్ల జాబితాలో మీ మోడల్ ఉందో లేదో చూసి చెప్తాడు.

డేటా తీసే పద్ధతి

మొదట ప్రయత్నించేది స్టీరింగ్ కింద ఉండే 16 పిన్నుల ఓబీడీ-2 పోర్టు (స్కానర్ తగిలించే చోటు). మాడ్యూల్‌ను కదిలించాల్సిన పనుండదు. బ్యాటరీ చచ్చిపోయి ఉంటే జంప్ ప్యాక్‌తో 12 వోల్టులు ఇవ్వండి. ఇంటర్‌ఫేస్ తగిలించి, విన్ టైపు చేసి, ఇగ్నిషన్ ఆన్ చేయండి, ఇంజిన్ మాత్రం స్టార్ట్ చేయొద్దు. చదవడం పూర్తయ్యాక వెంటనే ఫైలును రెండుచోట్ల సేవ్ చేయండి. కొన్ని ఫోర్డ్ వాహనాల్లో ఇంజిన్ కంప్యూటర్ కూడా విడిగా డేటా దాస్తుంది. సాఫ్ట్‌వేర్ ఆ మాడ్యూల్ చూపిస్తే దాన్నీ చదవాలి.

'కమ్యూనికేషన్ లేదు' అని వస్తే వోల్టేజీ, ఫ్యూజులు, విన్‌లో తప్పు, ఈ వరసలో చూడండి. ముందు భాగం నుజ్జయి వైరింగ్ తెగి ఉంటే నేరుగా మాడ్యూల్‌కే వెళ్లాలి. సాధారణంగా అది సెంటర్ కన్సోల్ కింద, ఫ్లోర్ టన్నెల్‌కు బోల్టులతో బిగించి ఉంటుంది. బ్యాటరీ విప్పి, ఎయిర్‌బ్యాగ్ కెపాసిటర్లు ఖాళీ అయ్యేదాకా తయారీదారు చెప్పిన వ్యవధి ఆగాకే కనెక్టరు ముట్టుకోవాలి. తొందరపడితే తెరుచుకోని ఎయిర్‌బ్యాగ్ అప్పుడు తెరుచుకోవచ్చు. ఆ మాడ్యూల్‌కు సరిపడే కేబులే వాడాలి. కరెంటు ఇచ్చాక మాడ్యూల్‌ను కదపొద్దు, పడేయొద్దు. అందులో యాక్సిలరోమీటర్లు (కుదుపును కొలిచే సెన్సర్లు) ఉంటాయి, చేతిలో జారినా దాన్ని అది దెబ్బగా లెక్కగట్టొచ్చు. బల్లమీద గట్టిగా నిలిపి, కారులో ఉన్న దిశలోనే పెట్టి చదవాలి. అదే మోడల్ ఉన్న వేరే కారులో దీన్ని బిగించి చదువుదామనే ఆలోచన మాత్రం మానుకోండి.

మాడ్యూల్ కాలిపోయినా, నీళ్లలో నానినా మెమరీ చిప్‌ను విడిగా చదివే ప్రయోగశాలలున్నాయి. తడిసిన మాడ్యూల్‌కు కరెంటు పెట్టకుండా అలాగే పంపండి.

అంకెల్ని గుడ్డిగా నమ్మొద్దు

రిపోర్టులో ముందు చూడాల్సింది వేగం కాదు, ఇగ్నిషన్ లెక్క, అంటే అప్పటిదాకా ఇగ్నిషన్ ఎన్నిసార్లు వేశారో. ఢీకొన్నప్పటి లెక్క, డేటా తీసినప్పటి లెక్క విడివిడిగా ఉంటాయి. తేడా రెండో మూడో ఉంటే సరే. నలభై ఉంటే ఆ రికార్డు పాత దెబ్బది కావచ్చు. తేదీ లేని చోట అదే ఆధారం.

తర్వాత 'పూర్తిగా రికార్డయింది' అన్న గడి. అక్కడ కాదని ఉంటే మధ్యలో కరెంటు పోయిందన్నమాట, ఖాళీ గడుల్ని సున్నాగా చదవొద్దు. డెల్టా-వికి ప్లస్ లేదా మైనస్ గుర్తు ఉంటుంది, ముందునుంచి తగిలిన దెబ్బ సాధారణంగా మైనస్‌లో వస్తుంది.

వేగం చాలా కార్లలో చక్రాల నుంచో గేర్‌బాక్స్ నుంచో వస్తుంది, రోడ్డుమీద కారు నిజంగా కదిలిన వేగం నుంచి కాదు. చక్రాలు బిగుసుకుపోయి జారుతుంటే అసలు వేగం కంటే తక్కువ చూపిస్తుంది. మంచుమీద చక్రాలు ఉత్తినే తిరుగుతుంటే ఎక్కువ చూపిస్తుంది. బ్రేక్ 'ఆన్' అంటే స్విచ్ పడిందనే, ఎంత బలంగా తొక్కారో తెలియదు. అరసెకను నమూనాల్లో మరో చిక్కుంది. గంటకు 60 మైళ్ల వేగంలో కారు సెకనుకు 88 అడుగులు పోతుంది కాబట్టి, చివరి నమూనాకూ ఢీకొన్న క్షణానికీ మధ్య దాదాపు 44 అడుగులు కనిపించకుండా పోవచ్చు. బ్రేక్ వేయలేదని రిపోర్టు చెప్పినా, ఆ చివరి అరసెకనులో వేసి ఉండొచ్చు. అందుకే టైరు గీతలు, నలిగిన లోతు, వీడియోలతో కలిపే లెక్క చూడాలి.

నెమ్మదిగా తగిలిన దెబ్బలకు రికార్డే ఉండకపోవచ్చు. నిబంధన ప్రకారం నమోదుకు కనీస హద్దు 150 మిల్లీసెకన్లలో గంటకు 8 కిలోమీటర్ల మార్పు.

నిపుణుడి దగ్గర పీడీఎఫ్ ఒక్కటే తీసుకుని రాకండి. పరికరం ఇచ్చిన అసలు ఫైలు కూడా అడగండి. తర్వాతి సాఫ్ట్‌వేర్ వెర్షన్‌లో అదే ఫైలు తెరిస్తే కొన్ని అంకెల అనువాదం సరిదిద్దబడి రావచ్చు, అవతలి నిపుణుడు తనిఖీ చేయాలన్నా అదే కావాలి. పీడీఎఫ్‌లో డేటా పరిమితుల పేజీలు, చివర్లోని హెక్స్ కోడ్ (ముడి డేటా) పేజీలు తీసేసి ఇస్తే తీసుకోవద్దు.