తలకు దెబ్బ తగిలాక మారిన మనిషి – 3వ పాఠం: కోపానికి ఒక నోటుబుక్కు

నోటిదాకా వచ్చిన మాటను ఆపేది, ఎత్తిన చేతిని దించేది నుదుటి వెనకున్న మెదడు భాగమని గత పాఠంలో చూశాం. అది దెబ్బతింటే చిరాకుకీ చేతకీ మధ్య ఉండాల్సిన ఆ రెండు క్షణాలు మాయమవుతాయి. అందుకే "కాస్త ఓర్చుకోండి" అని ఎంత చెప్పినా పని జరగదు. మన చేతిలో ఉన్నది చిరాకు పుట్టే పరిస్థితిని మార్చడం. ముందు దాన్ని పట్టుకోవాలి.

నోటుబుక్కులో పేజీకి నాలుగు గడులు గీయండి: ఎప్పుడు, అంతకు ముందు ఏం జరుగుతోంది, ఆ మనిషి ఏం చేశారు, తర్వాత మనం ఏం చేశాం. గొడవ సద్దుమణిగిన అరగంటలోపు రాయాలి. రాత్రికి రాద్దాంలే అనుకుంటే రెండో గడి ఖాళీగా మిగులుతుంది. కనీసం పది రోజులు రాయండి.

ఎక్కువమంది తప్పు చేసేది మూడో గడిలో. "ఊరికే కోప్పడ్డారు" అన్నది మన అభిప్రాయం. కంటికి కనపడిందే, చెవికి వినపడిందే రాయాలి. 1848లో ఇనుప కడ్డీ పుర్రెలోంచి దూసుకుపోయినా బతికిన ఫినియస్ గేజ్ గురించి డాక్టర్ జాన్ హార్లో 1868లో రాస్తూ, నిలకడ లేదు, అడ్డు చెబితే ఓర్వలేడు అన్నాడు. ఏ వేళ, ఎవరు ఏం చేస్తే అలా అయ్యేవాడో ఆ వర్ణనలో దొరకదు. ఇంట్లోవాళ్లకు కావలసింది సరిగ్గా అదే.

నింపిన పేజీ ఇలా ఉంటుంది:

సాయంత్రం 6:40. టీవీ నడుస్తోంది, పక్కన ఇద్దరు మాట్లాడుకుంటున్నారు, "మాత్ర వేసుకున్నారా" అని మూడోసారి అడిగాం. గ్లాసు గోడకేసి కొట్టారు. అందరం నోరు మూసుకుని టీవీ కట్టేశాం.

నాలుగో గడి మళ్లీ చదవండి. గ్లాసు పగిలాక గది నిశ్శబ్దమైంది. అలసిన మెదడు అడుగుతున్నది అదే, దొరికిందీ అదే. కాబట్టి రేపూ గ్లాసే లేస్తుంది. ఆ నిశ్శబ్దాన్ని విసరకముందే ఇవ్వాలి: మధ్యాహ్నం 30 నిమిషాల విశ్రాంతి, మాట్లాడే ముందు టీవీ కట్టేయడం, ప్రశ్న ఒక్కసారే అడగడం. మూడూ ఒకేరోజు మొదలుపెడితే ఏది పనిచేసిందో తెలియదు. ఒక్కోదానికి ఐదారు రోజులివ్వండి.

కోపం రేగిన క్షణంలో రెండడుగులు వెనక్కి వేసి, గొంతు తగ్గించి, నాలుగు మాటలకు మించకుండా మాట్లాడండి. తలుపుకు అడ్డంగా నిలబడకండి. చల్లారాక పంచాయితీ వద్దు. జరిగింది చాలామందికి సరిగా గుర్తుండదు, గుర్తులేని తప్పుకు నిలదీస్తే మనసు మరింత గాయపడుతుంది.

ఉన్నట్టుండి ప్రవర్తన మారి, దాంతోపాటు మగత, తలనొప్పి, వాంతులు, కాలో చెయ్యో బలం తగ్గడం కనిపిస్తే నోటుబుక్కు పక్కన పెట్టి వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి. పుర్రె లోపల మెల్లగా చేరే రక్తం దెబ్బ తగిలిన కొన్ని వారాలకు కూడా బయటపడవచ్చు. మందు మారిన తేదీలూ రాసుకోండి. ఫిట్స్‌కు వాడే లెవెటిరాసిటమ్ కొందరిలో చిరాకు పెంచుతుంది. ఆ పేజీ డాక్టరుకు చూపండి, సొంతంగా మాత్ర ఆపితే ఫిట్స్ తిరగబెట్టే ప్రమాదముంది.

వచ్చే పాఠం దీనికి పూర్తిగా ఎదురు సమస్య: లేవమన్నా లేవని, అందరూ బద్ధకమని పొరబడే స్తబ్ధత. ఇవే నాలుగు గడులు అక్కడా కావాలి, రాసిన పేజీలు దాచండి.