బరంపురం, పర్లాకిమిడి వైపు నుంచి అండం డొనేట్ చేద్దామనుకునే అక్కలకి

ముందు వయసు చూస్కోండి, 23 నుంచి 35 మధ్య ఉండాలి, ఒడిశా అయినా ఆంధ్రా అయినా టెస్ట్‌ట్యూబ్ లాంటి సంతాన వైద్యం మీద వచ్చిన 2021 చట్టం ఒకటే. జీవితంలో ఒక్కసారే ఇవ్వాలి, ఏడు అండాలకి మించి తియ్యకూడదు. డబ్బులిప్పిస్తానని ఎవడైనా ఏజెంట్ వస్తే వాణ్ణి గుమ్మంలోంచే పంపించెయ్యండి, అండం అమ్మడం నేరం, రిజిస్టరైన అండాల బ్యాంకుకే వెళ్ళాలి. హెచ్ఐవీ, హెపటైటిస్ టెస్టులయ్యాక రోజూ ఇంజెక్షన్లు, మధ్యమధ్యలో స్కానింగులు, అందుకే వైజాగ్ వెళ్తే అక్కడ చుట్టాలింట్లో ఉండిపోవడం నయం, రోజూ రైల్లో తిరిగితే ప్రాణం పోద్ది. ఆఖరి ఇంజెక్షన్ ఇచ్చాక ఒకటిన్నర రోజుకి మత్తిచ్చి సూదితో తీస్తారు. తర్వాత పొట్ట బాగా ఉబ్బినా, వాంతులైనా, ఆయాసమొచ్చినా వెంటనే హాస్పిటల్‌కి పరిగెత్తండి. మీకు ఏడాది ఇన్సూరెన్స్ అండం తీసుకునేవాళ్ళే చేయించాలి, ఆ కాగితం చూశాకే సంతకం పెట్టండి.